ఖాళీ అనుకున్న చిరునామా

పదకొండేళ్లుగా మోస్తున్నాను. బరువు మోసేవాడికి నడుమైనా వంగాలి కదా, నాకు మాత్రం ప్రమోషన్లు వచ్చాయి. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం తేలిక. తెలిసినవాళ్లకు చెప్పే దమ్ముంటే ఇన్నాళ్లు పట్టేదా?

నయా రాయపూర్‌లో ఒక సర్కారు ఆఫీసు. అక్కడ మనుషుల కంటే రోడ్లు ఎక్కువగా ఉన్న రోజులు. ఆరు సర్వర్ల క్లస్టర్‌కు నేను నెట్‌వర్క్ ఇంజనీర్ని. క్లస్టర్ అంటే గుంపే. ఆరూ కలిసి ఒకే పని చేస్తాయి. నేను ఆ గుంపులో గోవిందయ్యను.

ఒక సోమవారం నాలుగో సర్వర్ గుంపులోంచి జారిపోవడం మొదలుపెట్టింది. పది నిమిషాలు పలుకుతుంది, ఐదు నిమిషాలు మాయం. కౌంటర్ల దగ్గర జనం, ఫోన్లలో సాబ్‌లు. తీగలన్నీ వచ్చి కలిసే స్విచ్ పెట్టెలో పోర్టు మార్చాను. కేబుల్ మార్చాను. సర్వర్‌లో నెట్‌వర్క్ కార్డు మార్చాను. మారనిది నా ముఖంలో గాంభీర్యం ఒక్కటే.

మూడో రోజు పొద్దున దొరికింది. స్విచ్ జాబితాలో ఒకే ఐపీ చిరునామా రెండు యంత్రాల పేరిట ఉంది. ఒకటి నాలుగో సర్వర్. రెండోది టెస్టింగ్ కోసం నా బల్ల కింద నేను పెట్టుకున్న పాత కంప్యూటర్ డబ్బా. ముందు వారం దానికి చిరునామా కావలసి వచ్చి ఒక నంబరును పింగ్ చేశాను. జవాబు రాలేదు. తలుపు కొడితే ఎవరూ పలకలేదు కాబట్టి ఇల్లు ఖాళీ అనుకుని నా డబ్బాను అందులో దింపేశాను. ఏ నంబరు ఎవరిదో రాసుండే రిజిస్టర్ చూడలేదు. ఆ ఇంటి అసలు యజమాని నాలుగో సర్వరే. ఆ వేళ దాన్ని మరమ్మతు కోసం ఆపారంతే. అది తిరిగొచ్చాక ఒకే గుమ్మానికి ఇద్దరయ్యారు. ఉత్తరాలు ఒకసారి దానికి, ఒకసారి దీనికి.

ఇది కొత్తగా చేరినవాడు చేసే తప్పు. నాకప్పటికి తొమ్మిదేళ్ల అనుభవం. చెప్పి ఉంటే ఏమయ్యేది? నాలుగు చీవాట్లు, రెండు రోజుల నవ్వులు. ఆ నవ్వులకే భయపడ్డానా? అవును. ఇంతకంటే గొప్ప కారణం ఏదైనా దొరుకుతుందేమోనని ఏళ్ల తరబడి నాలో వెతుక్కున్నాను. దొరకలేదు.

మా పై అధికారి, పెద్ద సాబ్, మీటింగ్ పెట్టాడు. కేబుళ్లు వేసిన కాంట్రాక్టర్ సూర్యారావు గారిని పిలిపించాడు. ఆయనది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబం. పుట్టిందీ, జుట్టు నెరిసిందీ రాయపూర్‌లోనే. ఆ గదిలో తెలుగు తెలిసినవాళ్లం మేమిద్దరమే. ఆయన నా వైపు వంగారు.

"ఏటి బాబూ, నా తీగల్లో ఖరాబీ అంటన్నారేటి? ఒక్కోటీ టెస్టర్ ఎట్టి సూసినాను. నువ్వు మనోడివి, సాబ్‌కి సెప్పు."

"మీరు ఊరుకోండి బాబాయ్, నేను చూసుకుంటాను," అన్నాను.

తర్వాత సాబ్ వైపు తిరిగి హిందీలో అన్నాను: "సర్, కేబులింగ్ కీ హీ గడ్‌బడ్ హై." లోపమంతా కేబుళ్లదే అని.

సూర్యారావు గారికి నాకంటే హిందీ బాగా వచ్చు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను. రెండు భాషలు వచ్చినవాడికి రెండు నాలుకలు ఉండొచ్చనుకున్నానేమో.

ఆయన నన్ను చూసి, "ఠీక్ హై, సర్," అన్నారు. సర్. నాతో. ఆ తర్వాత నాతో మళ్లీ తెలుగు మాట్లాడలేదు.

తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారు. ఆ మధ్యాహ్నం ఆయన చేత తీగలన్నీ లాగించాను. ఆ డొంక నేనే, కదల్లేదు. తల దువ్వినంత పొందికగా తాను కట్టిన కేబుళ్లను ఆయనే కోసి, కొత్తవి పరిచారు. ఆ సందట్లో నేను బల్ల కిందికి దూరి పాత డబ్బా తీగ పీకేశాను. క్లస్టర్ నిలబడింది. కేబుళ్ల నేరం రుజువైంది. సాబ్ చప్పట్లు కొట్టించాడు. నేను వినయంగా తల వంచాను.

ఆయన కాంట్రాక్టు పోయింది. మాట పాకి, మిగతా ఆఫీసులూ పిలవడం మానేశాయి. రెండేళ్ల తర్వాత బీర్‌గావ్‌లో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర, వదులు యూనిఫాంలో, లారీ నంబర్లు రాసుకుంటూ కనబడ్డారు. నేను కారు అద్దం ఎక్కించుకున్నాను. ఎండ అని నాకు నేను చెప్పుకున్నాను.

ఇది సాబ్‌ల ముందు, హిందీలో, ఆయన వింటుండగా చెప్పవలసిన మాట. తెలుగులో, పేరు లేకుండా రాస్తున్నాను. ఆ ఆఫీసులో ఎవరూ చదవలేరన్న ధీమాతోనే. ఒప్పుకోవడంలోనూ ఎంత జాగ్రత్తో చూశారా? క్షమించమని అడగను. ఆయన తీగల్లో ఏ లోపమూ లేదు. ఒక్కదానిలో కూడా. రాసేశాను. నాకు కాస్త ఊపిరి ఆడుతోంది. ఆయనకు దీనివల్ల ఒరిగేదేమీ లేదు.