వెనక గల్లీ బోనం

కొండాపూర్‌లో పాల దుకాణం నడిపే రామచంద్రానికి పార్టీ అంటే ప్రాణం. డిపాజిట్లు గల్లంతైన రోజుల్లో కూడా ఇంటి మీద జెండా దింపలేదు. ఊరి పోచమ్మ గుడినీ, పండుగలనూ నిలబెట్టేది తమ పార్టీయేనని ఆయన నమ్మకం. ఎన్నాళ్ళకో ఆ పార్టీ గెలిచి ఉదయ్ భాస్కర్ ఎమ్మెల్యే అయితే, దుకాణం ముందు అందరికీ పాలకోవా పంచాడు.

ఆ ఆషాఢంలోనే ముసలం పుట్టింది. ఏటా రామచంద్రం ఇంటి నుంచే తొలి బోనం బయలుదేరి, పెద్ద రోడ్డు మీదుగా గుడికి వెళ్తుంది. ఆ రోడ్డు మీద కొత్తగా హోటల్ వెలిసింది. ఆదివారం వచ్చే కార్లకు ఊరేగింపు అడ్డమనీ, డప్పుల మోత అతిథులకు ఇబ్బందనీ హోటల్ వాళ్ళు మొరపెట్టుకున్నారు. పోలీసులు బోనాన్ని వెనక గల్లీకి మళ్ళించమన్నారు. మన ఎమ్మెల్యే ఉండగా ఫికర్ ఏమిటని రామచంద్రం ఆయన ఆఫీసుకు పరుగెత్తాడు.

ఉదయ్ భాస్కర్ కుర్చీ వేయించి, టీ తెప్పించి, చాలా మర్యాదగా కాదన్నాడు. పెట్టుబడులు రావాలట. పార్టీకి ఛాందసులన్న పేరు పోవాలట. ఐటీ ఉద్యోగుల ఓట్లూ కావాలట.

"ఈ ఒక్కసారికి సర్దుకోండి రామచంద్రం గారూ."

"అవతలి పార్టోళ్ళు ఉన్నప్పుడు గూడ బోనం పెద్ద రోడ్డు మీదికెళ్ళే పోయింది సార్. మనోళ్ళు గెలిచినంక గల్లీల పోవాల్నా?"

ఉదయ్ భాస్కర్ నవ్వి, టీ చల్లారిపోతోందని గుర్తుచేశాడు. ఆ నవ్వు చూస్తే ఒళ్ళు మండదా మరి? అవతలి వాళ్ళ మీదికైతే జెండా పట్టుకుని రోడ్డెక్కవచ్చు. మనవాళ్ళ మీదికి ఏ జెండా పట్టుకుని వెళ్ళాలి? కోడలు నవ్య బోనం ఎత్తుకుని, మురుగునీళ్ళు తప్పించుకుంటూ గల్లీలో నడుస్తుంటే ఆయన తలెత్తలేకపోయాడు. ఆ ఒక్కసారి ఆ తర్వాత ప్రతి ఏడూ వచ్చింది.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. ఉదయ్ భాస్కర్ ఓటడగడానికి రానీ, నలుగురి ముందూ కడిగేస్తానని రామచంద్రం ఊరంతా చెప్పాడు. అడగాల్సినవన్నీ మనసులో పేర్చుకుని దుకాణంలో కాచుకున్నాడు. ప్రచార వాహనం అపార్ట్‌మెంట్లన్నీ తిరిగింది, హాస్టళ్ళకూ వెళ్ళింది. వీళ్ళ గల్లీలోకి మాత్రం రాలేదు.

ఎందుకు రాలేదో భార్య బుచ్చమ్మ చెప్పింది. "మన ఓటు ఏడికి పోతదని గాయన వస్తడు?"

ఆ మాటకు భగ్గుమని, అవతలి పార్టీకే వేస్తానని ఒట్టు పెట్టుకుని పోలింగ్‌కు వెళ్ళాడు. యంత్రం ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఎంత తిట్టుకున్నా అవతలి గుర్తు మీదికి వేలు పోలేదు. చివరికి ఉదయ్ భాస్కర్ గుర్తే నొక్కి, అతణ్ణీ తననూ కలిపి తిట్టుకుంటూ బయటికి వచ్చాడు.