నారింజ డ్రమ్ముకు ప్రదక్షిణం

మా బావ చేతికి మళ్ళీ చుక్కాని ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు ఒక చిరిగిన తెరచాప సంగతి చెప్పాలి.

బావంటే మా అక్క మొగుడు. భోగాపురం దిగువన, సముద్రం ఒడ్డున మా ఊరు. తెప్ప మీద తెరచాప కట్టి గాలితో పోవడం తెలిసిన ఆఖరి మనిషి బావే. వాళ్ళయ్య నేర్పాడు. తర్వాతి వాళ్ళందరికీ ఇంజను తాడు లాగడం తప్ప ఏమీ రాదు. పెద్ద తుఫానులో బావ పడవ రెండు ముక్కలైంది. ఆ నెలలోనే వాళ్ళయ్య పోయాడు. ఇక సముద్రం వద్దని అక్కని తీసుకుని సాలూరు వచ్చేసి, లారీలకు టార్పాలిన్లు కుట్టే షెడ్డులో చేరాడు. నేను విజయనగరంలో నర్సుని. సెలవు దొరికి వెళ్ళినప్పుడల్లా బావ ఒళ్ళో టార్పాలిన్ వేసుకుని వంగి కూర్చుని కనబడేవాడు. పడవ మాటెత్తితే లేచి వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు నేను అక్కడుండగానే ఆ షెడ్డుకి రిటైరైన ఆఫీసరు ఒకాయన వచ్చాడు. ఆ దగ్గర్లో కొండల మధ్య ఉన్న రిజర్వాయరులో పట్నం వాళ్ళు కొందరు సరదాకి తెరచాప పడవలు నడుపుతారు. ఆయన వాళ్ళ క్లబ్బుకి సెక్రటరీ. చిరిగిన తెరచాపకి అతుకు వెయ్యమన్నాడు. బావ దాన్ని నేల మీద పరిచి ఎగాదిగా చూశాడు.

"అతుకేస్తాను గానండి, దీనికి కడుపు లేదు. గాలి నిలబడదు. రెండు సోట్ల కుట్టిప్పి మళ్ళీ కుట్టమంటారా?"

వారం తర్వాత ఆయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆ పడవ ఎన్నడూ లేనిది అందరికన్నా ముందు పోయిందట. "నువ్వెప్పుడైనా పడవ నడిపావా?" అని అడిగాడు. బావ సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తలేదు. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఊరుకుంటానా! "నడపడమేంటండీ, మా ఊళ్ళో పడవలకి ఇతనే పెద్ద" అన్నాను.

క్లబ్బులో ఒక పాత పడవ ఖాళీగా ఉంది. చలికాలంలో ఐదు ఆదివారాలు పందాలు. మీరు నడపండి, ఇస్తాం అన్నాడాయన. ఒకటే షరతు. ఎనిమిది పడవల్లో, ఐదు పందాల్లో ఒక్కసారైనా మొదటి ముగ్గురిలో రావాలి. రాకపోతే ఆ పడవని ఎప్పట్నుంచో అడుగుతున్న పట్నం కాలేజీకి ఇచ్చేస్తారు.  ఆ రాత్రి బావ అన్నం కంచం ముందు నుంచి లేచి గాలి ఎటు వీస్తోందో చూడ్డానికి రెండుసార్లు గుమ్మంలోకి వెళ్ళాడని అక్క చెప్పింది. నాకు ఆ పడవ కావాలని అప్పుడే అనిపించింది. నా కోసం కాదు.

పడవకి ముగ్గురు కావాలి. బావ, నేను, అక్కా వాళ్ళ పక్కింటి లెక్కల మాస్టారు. ఆయన బాప్టిస్టు చర్చికి వెళ్ళే మనిషి, పొద్దున్న తొలి ఆరాధన ముగించుకుని వస్తానన్నాడు. ఆయనకి నీళ్ళంటే భయం. బావకి నేనంటే భయం.

"ఆడోళ్ళు పడవెక్కకూడదే" అన్నాడు బావ.

"నీ సముద్రంలో ఎక్కకూడదు. ఇవి గవర్నమెంటు నీళ్ళు" అన్నాను.

ఫారం నేనే నింపాను. పేరు, వయసు అయ్యాక వృత్తి అని ఉంది. ఏం రాయమంటావని అడిగాను.

"టార్పాలిన్లు కుట్టేవోడని రాయి. అంతకన్నా ఏటున్నాది?"

ఒళ్ళు మండింది. అయినా అదే రాశాను.

మొదటి పందెం రోజున సెక్రటరీ పలక మీద సుద్దముక్కతో గీసి చూపించాడు. నీళ్ళలో మూడు చోట్ల నారింజ రంగు ప్లాస్టిక్ డ్రమ్ములు తేలుతుంటాయి. ఒక్కొక్కదాన్నీ ఎడమ చేతి వైపు వదిలి చుట్టి రావాలి. సరేనని తలూపాం. విజిల్ వేశారు. ఓలమ్మో, బావ పడవ నడుపుతుంటే చూడాలి! అందరూ తెరచాపల్ని చూస్తుంటే అతను నీళ్ళని చూస్తున్నాడు. నీళ్ళ మీద ఎక్కడ నల్లగా మడత పడితే అక్కడ గాలుంటుంది, అక్కడికి పోయేవాడు. మొదటి డ్రమ్ము దగ్గరికి అందరికన్నా ముందు మేమే చేరాం. చేరి, దాన్ని కుడిచేతి వైపు పెట్టుకుని చక్కగా ఒక చుట్టు చుట్టాడు. రెండోదానికీ అంతే. మూడోదానికీ అంతే.

మొదట మేమే వచ్చాం. పందెం ముగించిన పడవకి వేసే విజిల్ మాత్రం మాకు వెయ్యలేదు. గట్టున నల్లకళ్ళద్దాల పట్నం వాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. మీరు ఎడమకి తిరగలేదు కాబట్టి పందెం లెక్కలోకి రాదన్నాడు సెక్రటరీ. నాకు తల కొట్టేసినట్టయింది. బావ మీద కేకలు వేశాను. నిజానికి నేనూ పడవలోనే ఉన్నాను. అతను కుడికి తిరుగుతుంటే నా కంటికి అది తప్పనిపించలేదు. గుళ్ళోనైనా, అమ్మోరి గద్దె దగ్గరైనా, పడవ నీళ్ళలోకి దింపేముందైనా మేము తిరిగేది కుడివైపే. డ్రమ్మయితే మాత్రం ఎందుకు మారాలి! ప్రదక్షిణాల అలవాటు లేని మాస్టారొక్కడికి తెలిసుండేది, కాని ఆయన మొదటి నుంచి చివరిదాకా కళ్ళు మూసుకునే ఉన్నాడు.

రెండో ఆదివారం బావ ఎడమకే తిరిగాడు. కాని డ్రమ్ము దగ్గర పడేసరికి చుక్కాని మీద చెయ్యి వణికింది. దూరంగా, భయంభయంగా చుట్టి వచ్చేలోపు ఐదు పడవలు దాటిపోయాయి. మూడో వారం ఆరో స్థానం. నాలుగో వారమూ అదే వరస. ఇక ఒక్క పందెమే మిగిలింది.

ఆ సాయంత్రం షెడ్డులో నేను నోటికొచ్చినట్టు తిట్టాను. "అది ప్లాస్టిక్ డ్రమ్ము బావా! దేవుడు కాదు! దానికెందుకింత బెదురు? పడవ పోతే మళ్ళీ ఈ గుడ్డలు కుట్టుకుంటూ కూర్చుంటావా?"

బావ సూది టార్పాలిన్‌లో గుచ్చి పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "డ్రమ్మని నాకూ తెలుసునే. సేతికి తెలీదు. నాను ఎడమకి తిరిగింది ఒక్కపాలే. కుండ బుజాన ఎట్టుకుని, మా అయ్య సితి సుట్టూ."

 రోజూ చావులు చూసే నర్సుని, ఈ ఒక్కటీ నాకెందుకు తట్టలేదని సిగ్గేసింది.

దారి చూపించింది మాస్టారు. ఆయన క్లబ్బు వాళ్ళిచ్చిన రూల్సు పుస్తకం లెక్కల పుస్తకంలా చదివేశాడు. "పందెం మొదలవ్వక ముందు ఎటు తిరగాలో ఇందులో రాయలేదు. ముందే వెళ్ళి మీ పద్ధతిలో తిరిగేస్తే ఎవరొద్దంటారు?" అన్నాడు. బావ ఆయన చేతులు పట్టుకున్నాడు.

ఆఖరి ఆదివారం మాస్టారు ఆరాధన అవగానే వచ్చేశాడు, మంచు ఇంకా విడలేదు. మిగతా పడవలు గట్టు మీదే ఉన్నాయి. మేము ముగ్గురం నీళ్ళలోకి వెళ్ళి మూడు డ్రమ్ములకూ మూడేసి ప్రదక్షిణాలు చేశాం. మాస్టారు ఇబ్బందిగా కదిలాడు.

"మీరు మీ దేవుణ్ణి తలుసుకోండి మాస్టారూ, బరువు మాత్రం ఇటెయ్యండి" అన్నాడు బావ.

మూడో డ్రమ్ము కొండ కిందుంది. అక్కడికెళ్ళిన ప్రతిసారీ తెరచాప ఉసూరుమని వాలిపోయింది. అవతలి గట్టు వైపు కాస్త జరిగితే మాత్రం రెండు కొండల సందులోంచి గాలి దూసుకొచ్చేది. మూడు చుట్లలోనూ అదే జరిగింది. "సూసినావా?" అన్నాడు బావ. నేను చూడలేదు. అతను చూశాడు, అది చాలు.

పందెం మొదలైంది. మొదటి డ్రమ్ము దగ్గర నేను డ్రమ్ముని చూడలేదు, బావ చేతినే చూశాను. వణకలేదు. డ్రమ్ముకి జానెడు దూరంలో ఎడమకి తిప్పాడు. పెదాలు మాత్రం కదిలాయి. రెండోది దాటేసరికి మేము ఐదో పడవ. మూడోదానికి అందరూ దగ్గరి దారని కొండ కిందికి పోయారు. బావ పడవని అవతలి గట్టుకి మళ్ళించాడు.

"ఎక్కడికి పోతన్నావు బావా! డ్రమ్ము అటున్నాది!" అని అరిచాను.

"నోర్మూసుకుని తాడు లాగవే గుంటా!"

లాగాను. కొండ కింద నాలుగు తెరచాపలూ తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి. మాకు సందులోంచి గాలి కొట్టింది. పడవ ఒక పక్కకి ఒరిగిపోయింది. మాస్టారు నడుము దాకా బయటికి వేలాడుతూ గట్టిగా స్తోత్రం ఎత్తుకున్నాడు, ఈసారి కళ్ళు తెరిచే. ఆ డ్రమ్మునీ ఎడమకే చుట్టి, మూడు పడవల్ని దాటేసి రెండో స్థానంలో వచ్చాం. మాకు విజిల్ వేశారు! నేను ఏడ్చాను, నవ్వాను, బావ వీపు మీద గట్టిగా ఒకటి చరిచాను. గర్వం గుండెలో పట్టలేదు. ఇప్పటికీ ఆ మాట చెప్తుంటే నా గొంతు పెద్దదవుతుంది.

గట్టున నల్లకళ్ళద్దాల ఆయనొకడు అద్దాలు తీసి, ఆ గాలి సంగతి ఎలా తెలిసిందని అడిగాడు.

"పొద్దున్నే మొక్కుకున్నామండి" అన్నాడు బావ. 

పడవ మాకే ఉంచుతున్నామన్నాడు సెక్రటరీ. వచ్చే చలికాలానికి ఫారం అక్కడికక్కడే ఇచ్చాడు. నేను గట్టు మీద కూర్చుని పేరు, వయసు రాశాను. వృత్తి దగ్గర అలవాటు కొద్దీ "టా" అని మొదలుపెట్టాను. తడి చేత్తో బావ నా దగ్గర పెన్ను లాక్కుని ఆ అక్షరం కొట్టేసి, మళ్ళీ పెన్ను నా చేతిలో పెట్టాడు.

"పడవ నడుపుతాడని రాయే" అన్నాడు.

రాశాను. నా దస్తూరీ అంత బాగా ఎప్పుడూ కుదరలేదు.