గోడ అవతలి బడి చరిత్ర

మా పాపకు ఎల్‌కేజీలో సీటు కోసం నేను చదివినంత, మా సందులో గ్రూప్‌-వన్‌కు కూడా ఎవరూ చదవలేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. అది అతిశయోక్తి. మరీ పెద్ద అతిశయోక్తి మాత్రం కాదు.

అశోక్‌నగర్‌లో మాకు చిన్న జిరాక్స్ దుకాణం ఉంది. స్పైరల్ బైండింగ్ కూడా చేస్తాను. పోటీ పరీక్షల పిల్లలు తెచ్చే నోట్సుకు పగలంతా నకళ్ళు తీస్తుంటాను. నా బడి చదువు పదో తరగతితో ఆగింది. మా నాన్న పాలమూరు వైపు నుంచి తాపీ పనికి వచ్చి అడిక్‌మెట్ దగ్గర బస్తీలో ఉండిపోయాడు. నన్ను పనికి పంపలేదు, కాలేజీకి పంపలేకపోయాడు. ఆ తర్వాతి చదువంతా నాకు చిక్కడపల్లి లైబ్రరీ పెట్టిన భిక్షే. దుకాణం తెరవడానికి ముందు అక్కడే, దుకాణానికి సెలవైతే అక్కడే. విజ్ఞాన సర్వస్వం సంపుటాలు మొదటి నుంచి వరసగా చదివాను. మధ్యలో ఒక సంపుటం బీరువాలో లేదు. అందులో ఉండాల్సిన విషయాలు ఎవరైనా మాట్లాడితే నేను ఈ రోజుకీ మర్యాదగా మౌనంగా ఉంటాను. మిగతా వాటి మీద మాత్రం ఎవరితోనైనా మాట్లాడగలను. ఆ గర్వం నాకుంది, దాచుకోను.

నారాయణగూడ వైపు వెళ్తే పాత క్యాథలిక్ బడి. మధ్యలో చర్చి, దానికి అటూ ఇటూ కమానుల వరండాలతో పాత కట్టడాలు, పొడుగాటి ప్రహరీ గోడ. ఆడపిల్లల గేటు ఇటు, మగపిల్లల గేటు అటు. మొత్తాన్ని అందరం చర్చి స్కూల్ అనే అంటాం. ఆటో ఎక్కి ఆ మాట చెబితే చాలు, దింపేస్తారు.

చిన్నప్పుడు ఆ గోడ దగ్గర్లో ఏదో ఇల్లు కడుతుంటే నాన్నకు సద్ది తీసుకుపోయేవాణ్ణి. గోడ లోపల వందల మంది ఆడపిల్లల అరుపులు వినపడేవి. సరిగ్గా పన్నెండుకు గంట కొట్టేవారు. అంతే, ఆ గోలంతా టక్కున ఆగిపోయేది. పరుగెత్తే పిల్ల పరుగెత్తే చోటే నిలబడిపోతుందని తర్వాత తెలిసింది. కాసేపు ఒకే గొంతుతో ఏదో చదివేవారు. అది అయిపోగానే మళ్ళీ గోల, ఆపిన చోటి నుంచే. దాన్ని త్రికాల జపం అంటారని చాలా ఏళ్ళకు లైబ్రరీలో చదివాను. పేరు తెలియక ముందే అది నాకు నచ్చింది. అంతమంది ఒక్కసారి ఆగడం, ఒక్కసారి మొదలుపెట్టడం. నాకు కూతురు పుట్టిన రోజే ఈ పిల్ల ఆ గోడ లోపల ఉండాలని అనుకున్నాను.

దరఖాస్తు పెట్టాం. తల్లిదండ్రులిద్దరూ రావాలని మెసేజ్ వచ్చింది. దాన్ని ఇంటర్వ్యూ అనరు, ఇంటరాక్షన్ అంటారు. పేరు ఏదైనా, అందులో తప్పితే సీటు రాదని మా సందులో అందరికీ తెలుసు.

అశోక్‌నగర్‌లో ఎవరికైనా ఇంటర్వ్యూ ఉందంటే మిగతావాళ్ళు ఊరుకోరు. అది ఇక్కడి ఆచారం. నా దుకాణానికి రోజూ వచ్చేవాళ్ళలో ఇద్దరు ముందుకొచ్చారు. ఒకడు మా పాలమూరు వైపు కుర్రాడే, తమ్ముడని పిలుస్తాను, గ్రూప్‌-వన్ రాస్తున్నాడు. ఇంకొకామె ఖమ్మం నుంచి వచ్చిన అమ్మాయి, సివిల్స్ రాస్తోంది. మధ్యాహ్నం గిరాకీ తగ్గే వేళ షట్టర్ సగం దించి మాక్ ఇంటర్వ్యూ పెట్టారు. ఆ అమ్మాయి చున్నీ తల మీద కప్పుకుని సిస్టర్ అయింది. తమ్ముడు బోర్డు మెంబరు. పాప కౌంటరు మీద కూర్చుని చూసేది.

"వై డూ యూ వాంట్ దిస్ స్కూల్?" అంది అమ్మాయి, గొంతు పెద్దది చేసి.

"బికాజ్... డిసిప్లిన్," అన్నాను.

"ఫెయిల్!"

"గదేంది, ఇంక మొదలే పెట్టలే!"

"అందరూ అదే చెప్తారన్నా. డిసిప్లిన్, కల్చర్, వాల్యూస్. బోర్డు నిద్రపోతది."

తమ్ముడు పెన్ను తిప్పుతూ ఆలోచించాడు. "అన్నా, నీకు దేంట్ల పట్టుంది? హిస్టరీల. గదే కొట్టు. ఆ స్కూల్ ఎప్పుడు పుట్టింది, ఎవరు పెట్టిండ్రు, మొత్తం చెప్పు. జర పరేషాన్ కావాలె వాళ్ళు."

ఆ మాట నాకు నచ్చింది. నా గర్వాన్ని సరిగ్గా తట్టిన మాట అది.

లైబ్రరీలో వెతికితే పాత ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. కానీ లోపలి బొమ్మల్లో అదే చర్చి, అవే కమానులు. డిక్షనరీ పక్కన పెట్టుకుని కొన్ని వారాలు చదివాను. ఓడలో వచ్చి, రైలెక్కి ఈ ఊళ్ళో దిగిన ఫాదర్లు. అద్దె బంగళాలో మొదలైన తరగతులు. లాటిన్ చెప్పే ఫాదర్‌కూ ఉర్దూ చెప్పే మున్షీ గారికీ ఒకే గదిలో మధ్యన తెర కట్టిన వైనం. మెట్రిక్ ఫలితాలు, హాస్టలు, గెలిచిన ఫుట్‌బాల్ షీల్డు. రోజూ రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడకు అప్పజెప్పేవాణ్ణి.

ఒకరోజు నేను ఫోనులో తీసుకొచ్చిన ఆ పేజీల ఫొటోలు చూస్తూ ఆమె అంది, "ఇందుల ఒక్క ఆడపిల్ల కనపడదేంది?"

లైబ్రరీ చదువు వెంటనే అక్కరకొచ్చింది. "పరదా కాలం గద. ఆడపిల్లలను ఫొటోలు దిగనిచ్చేటోళ్ళు కాదు."

"మరి ఫుట్‌బాల్?"

"మొగపిల్లలు భీ ఉంటరు గద, అటు గేటు."

ఆమె నమ్మినట్టే తల ఊపింది. మర్నాడు దుకాణంలో చెబితే తమ్ముడు ఎగిరి గంతేశాడు. "ఇది అనాలిసిస్ అన్నా! వట్టి తేదీలు ఎవడన్న చెప్తడు. ఇది సామాజిక కోణం. లాస్టుకు ఇది కొట్టు."

ఇంటరాక్షన్ రోజు బడిలో ఎర్రగా మెరిసే గచ్చు గదిలో కూర్చోబెట్టారు. గోడ మీద మరియమ్మ బొమ్మ, కింద ప్లాస్టిక్ పూలు. పాపను మూలన చిన్న బల్ల దగ్గరికి ఒక టీచరమ్మ తీసుకుపోయింది, రంగుల దిమ్మెలు ఇచ్చింది. హెడ్మిస్ట్రెస్ సిస్టర్ వచ్చారు. పెద్దావిడ, గుంటూరు వైపు మాట. నేను ఇంగ్లీషులో సిద్ధంగా ఉన్నాను. ఆవిడ తెలుగులో మొదలుపెట్టారు.

"పాప పొద్దున్నే ఏం తింటుందమ్మా?"

మా ఆవిడ చెప్పింది, "ఉప్మా జేస్తే ఏడుస్తది సిస్టర్. చపాతీ చాయ్‌ల ముంచుకోని తింటది."

"చాయా? ఈ వయసుకా?"

"అంటే... పాలే సిస్టర్. వాళ్ళ నాయిన కప్పులకెళ్ళి జర రంగుకోసం."

సిస్టర్ నవ్వు ఆపుకున్నారు. బడికి ఎవరు తీసుకొస్తారు, జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఇంట్లో ఎవరితో ఎక్కువ ఆడుతుంది. అన్నీ ఇలాంటివే. నా కష్టమంతా వృథా పోతోందని గుబులు పట్టుకుంది. చివరికి ఆవిడ, "మీరేమైనా అడగాలనుకుంటున్నారా అండీ?" అన్నారు.

అడగడానికి నా దగ్గర ఏమీ లేదు. చెప్పడానికే ఉంది. మొదలుపెట్టాను. ఓడ, రైలు, అద్దె బంగళా, లాటిను, మున్షీ గారి తెర. సిస్టర్ చేతిలో పెన్ను బల్ల మీద పెట్టేశారు. మూలన టీచరమ్మ దిమ్మెలు చేతిలో పట్టుకుని నా వైపే చూస్తోంది. నాకు ఇంకా ఊపొచ్చింది. చివరికి, "పాత ఫొటోల్ల ఒక్క ఆడపిల్ల కూడా లేదు సిస్టర్. కారణం పరదా. అట్లాంటి కాలంల మీరు ఆడపిల్లలకు చదువు చెప్పిండ్రు," అని ముగించాను.

సిస్టర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కదిలిపోయారనుకున్నాను.

"ఆ ఫాదర్లు, ఆ షీల్డు, అంతా నిజమేనండీ," అన్నారు మెల్లగా. "ఒక్క ముక్క తప్పు లేదు. కాకపోతే అది గోడ అవతలి బడి. మగపిల్లలది. వాళ్ళు వేరే, మేం వేరే. అక్కడ ఆడపిల్లలు ఫొటోల్లోనే కాదు, బడిలోనే లేరు."

ముందు మా ఆవిడ నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరేలా. తర్వాత టీచరమ్మ. ఒక గేటుకు రెండో గేటు తోడనుకున్నాను గానీ, గోడ లోపల ఇంకో గోడ ఉందని ఇన్నేళ్ళూ నాకు తట్టలేదు. సీటు పోయిందని అక్కడే ఖాయం చేసుకున్నాను.

మూల నుంచి పాప అడిగింది, "నాన్న ఫెయిలా?"

"అలా అన్నావేం తల్లీ?" అన్నారు సిస్టర్.

"అక్క రోజూ చున్నీ ఏసుకోని సిస్టర్ అయితది. నాన్నను ఫెయిల్ జేస్తది. దుకాణంల బాబాయ్ గూడ తిడ్తడు."

ఇక దాచడానికి లేదు. సగం దించిన షట్టరు కథంతా చెప్పాల్సి వచ్చింది. సిస్టర్ ఈసారి నవ్వు ఆపుకోలేదు. తేరుకున్నాక అన్నారు, "అయితే నా తీర్పూ వినండి. చరిత్రలో మీరు ఫెయిలే. సప్లిమెంటరీ రాయాలి. కొత్త తల్లిదండ్రుల సభలో ఏటా బడి చరిత్ర ఇంగ్లీషులో చదువుతాం. సగం మంది ఊరికే తలలూపుతారు. ఈసారి తెలుగులో మీరు చెప్పండి. అయితే ఒక మాట, సీటుకూ దీనికీ సంబంధం లేదు. సీటు పాపది. తన పరీక్ష తను రాస్తోంది."

ఆ పరీక్ష ఎలా రాసిందో ఎవరూ చెప్పలేదు. దుకాణంలో సంతాప సభ జరిగింది. తమ్ముడు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, "అన్నా, నెగెటివ్ మార్కింగ్ ఉంటదంటవా?" అన్నాడు. అమ్మాయి వాణ్ణి స్పైరల్ కాయిల్‌తో కొట్టింది. మా ఆవిడ పైకి నవ్వుతూనే ఉండేది గానీ, ఫోను మోగితే పొయ్యి మీది పాలు వదిలేసి పరుగెత్తేది. నేను లైబ్రరీకి పోవడం మానేశాను. ఆ బీరువా మొహం చూడాలనిపించలేదు.

ఒక ఉదయం బడి నుంచి ఫోన్ వచ్చింది. సీటొచ్చింది. సందులో సమోసాలు పంచాం. పాప ఏం చేసిందని తర్వాత టీచరమ్మను అడిగితే చెప్పింది, దిమ్మెలన్నీ రంగుల వారీగా పేర్చి, "ఇది చర్చి, ఇది అటు గేటు, ఇది ఇటు గేటు" అందట.

ఇక సప్లిమెంటరీకి కూర్చున్నాను. ఈసారి సిస్టరే బడిలోని పాత అల్మారా తెరిచారు. అసలు చరిత్ర నేను ఊహించిన దానికన్నా బాగుంది. మొదట్లో ఆడపిల్లలు పరదాలు కట్టిన బండ్లలో వచ్చేవారు. గేటు మూశాకే పరదా విప్పేవారు. లోపల అడుగు పెట్టాక మాత్రం ఆట, పాట, కుట్లు, లెక్కలు, ఉర్దూ. కోస్తా నుంచి కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాక తెలుగు తరగతి మొదలైంది. క్యాథలిక్ పిల్లలు ప్రార్థన పాఠానికి వెళ్ళే గంటలో మిగతా పిల్లలు నీతి పాఠం చదివేవారు. ఇప్పటికీ అంతే. నాలుగు గీతల పుస్తకంలో ఇంగ్లీషు గొలుసు రాత కూడా అలాగే ఉంది. మా పాప ఇప్పుడు చపాతీ పిండి మీద కూడా ఆ గొలుసులే గీస్తోంది.

అల్మారా చూశాక సిస్టర్ వరండాలో ఫొటోలు చూపించారు. అన్నిటా ఆడపిల్లలే. బ్యాడ్మింటన్ బ్యాట్లు పట్టుకుని, రెండు జడలు ముందుకేసుకుని, కొందరు పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ.

"మీరు పరదా అన్నది పూర్తిగా తప్పేం కాదండీ," అన్నారు సిస్టర్. "మగ ఫొటోగ్రాఫరు వస్తే ఇళ్ళల్లో ఒప్పుకునేవారు కాదు. అందుకని ఒక సిస్టర్ తనే కెమెరా నేర్చుకున్నారు. ఇవన్నీ ఆవిడ తీసినవే."

"ఆ సిస్టర్ ఏరి ఇందుల?"

"ఎలా ఉంటారు? ఎప్పుడూ కెమెరా వెనకాలేగా."

సభ రోజు హాలు నిండింది. ముందు నా తప్పే చెప్పాను, పరదా సిద్ధాంతంతో సహా. నవ్వులు ఆగడానికి కాసేపు పట్టింది. ఆ తర్వాత అందరూ నిజంగా విన్నారు. కెమెరా సిస్టర్ దగ్గరికొచ్చేసరికి ఒక తాత గారు లేచి, తన చెల్లెలు ఆ ఫొటోల్లో ఒకదాంట్లో ఉందనీ ఇంట్లో ఇప్పటికీ ఆ ప్రతి ఉందనీ అన్నారు. పన్నెండుకు గంట మోగింది. నేను మాట మధ్యలో ఆగిపోయాను, అందరూ ఆగిపోయారు. ప్రార్థన అయ్యాక ఆపిన చోటి నుంచే అందుకున్నాను. గోడ లోపలి నుంచి ఆ నిశ్శబ్దం వినడం నాకదే మొదటిసారి. దిగుతుంటే సిస్టర్, "పాస్ అండీ," అన్నారు.

మొన్న ఎల్‌కేజీ గ్రూప్ ఫొటో వచ్చింది. లామినేట్ చేసి దుకాణంలో మిషన్ పైన తగిలించాను. నకళ్ళ కోసం వచ్చినవాళ్ళంతా ముందు అదే చూస్తారు. తమ్ముడు దగ్గరికెళ్ళి ఒక్కో మొహం పరీక్షగా చూశాడు. నా వైపు తిరిగి గంభీరంగా అన్నాడు, "అన్నా, ఇందుల ఒక్క మొగపిల్లగాడు లేడేంది? ఏమైనా పరదానా?"

మొదటి వరుసలో మా పాప ఉంది. ఎండకు ఒక కన్ను మూసుకుని.