పుట్టినరోజులైన ఇంటి నంబర్లు

ఆ ఫైలు మెయిల్లోకి వచ్చి పడిన రోజు నేను జగిత్యాలలో తొమ్మిదో తరగతికి అక్షాంశాలు, రేఖాంశాలు చెబుతున్నాను. తరగతిలో ఫోను ముట్టుకోవద్దని పిల్లలను రోజూ కసిరేది నేనే. ఆ రోజు మాత్రం బల్ల కింద పెట్టుకుని దొంగచాటుగా తెరిచాను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. మూడు పట్టణాల్లో ప్రతి ఇంటి రూపురేఖ, దాని నంబరుతో సహా అందులో ఉంది. ఎవరైనా వాడుకోవచ్చని ప్రభుత్వం ఇచ్చిన అనుమతి పత్రం కూడా జతచేసి ఉంది. నెలల తరబడి అర్జీ మీద అర్జీ పెట్టింది దానికోసమే. "అబ్బా!" అని నా నోట్లోంచి ఎంత గట్టిగా వచ్చిందంటే, ముందు బెంచీలో పిల్ల తనేదో తప్పు చేసిందనుకుని లేచి నిలబడింది.

స్టాఫ్ రూములో అందరికీ చెప్పాను. "అయితె ఇప్పుడేమైతది మేడం?" అని మా లెక్కల టీచరు టిఫిన్ మూత తీస్తూ అడిగింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఏమవుతుందో చెప్పడానికి ఆమె తిండి అయ్యేంతసేపూ పట్టింది.

ఇంటర్నెట్‌లో ఒక పటం ఉంది. దానికి యజమాని లేడు. ఊరు తెలిసినవాళ్లు ఎవరైనా అందులో గీయవచ్చు, ఎవరి తప్పునైనా ఎవరైనా దిద్దవచ్చు. జీతం లేదు, సన్మానం లేదు. మూడేళ్లుగా నాకు అదే పిచ్చి. కోరుట్లలో మా ఇంటి చుట్టుపక్కల రోడ్లన్నీ నేను గీసినవే. కానీ రోడ్లు గీసినంత తేలిక కాదు ఇళ్లు గీయడం. పైనుంచి తీసిన ఫొటో చూసి ఒక్కో కప్పుకూ నాలుగు మూలలు నొక్కాలి, ఆ తర్వాత నడిచి వెళ్లి గుమ్మం మీది నంబరు చూసి రావాలి. రెండు గల్లీలు పూర్తయ్యేసరికి నా భుజం పట్టేసింది. ఇప్పుడు ఊళ్లకు ఊళ్లే ఒక్కసారిగా పటంలోకి ఎక్కబోతున్నాయి! ఇక కొరియర్ అతను ఫోన్ చేసి "ఏ ట్యాంకు పక్కకు మేడం, ఏ టవర్ ఎనకకు?" అని నన్ను వేపుకు తినక్కర్లేదు. నంబరు కొట్టి నేరుగా గుమ్మం ముందు దిగుతాడు.

అయితే ఇలాంటి సమాచారాన్ని ఇష్టమొచ్చినట్టు ఎక్కించడానికి లేదు. ముందుగా నలుగురికీ చెప్పాలి. అక్కడ అప్పటికే చేత్తో గీసినవాళ్లుంటే వాళ్లు సరేననాలి. జగిత్యాల, కోరుట్లల్లో ఆ చిక్కు లేదు, నేను గీసిన ఆ రెండు గల్లీలు తప్ప ఇళ్లుండాల్సిన చోటంతా ఖాళీయే. సిరిసిల్లలో మాత్రం ఒక మనిషి ఉన్నాడు.

అతను నేత కార్మికుడు. అక్కడివాళ్లు సాంచాలనే మరమగ్గాలు నడుపుతాడు. ఏడో తరగతితో చదువు ఆగిపోయింది. నాలుగేళ్లలో వాళ్ల వాడ మొత్తాన్ని, ఇల్లిల్లూ, ఫోనులోనే గీశాడు. పటం పిచ్చి ఉన్నవాళ్ల గ్రూపులో పరిచయమయ్యాడు. మొహం చూడకపోయినా అన్నా అని పిలిచేదాన్ని.

ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. అవతల సాంచాల టకటక. ఇద్దరం అరుచుకుంటున్నాం.

"అన్నా, సర్కారు ఫైలు దొరికింది! సిరిసిల్ల మొత్తం ఒక్క దెబ్బకు ఎక్కిద్దాం!"

"నేను గీసినయి ఏమైతయి మేడం?"

"గట్లనే ఉంటయి. నంబర్లు, కొలతలు మాత్రం సర్కారుయి ఎక్కుతయి."

"అంటె, ఇంటి మీద నొక్కితె కింద ఎవ్వలి పేరు అస్తది?"

ఆ పటంలో ఏ ఇంటి మీద నొక్కినా, దాన్ని చివరగా ముట్టుకున్నవాళ్ల పేరు కింద కనిపిస్తుంది. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "ఎక్కించినోళ్లది. అంటె నాది," అన్నాను.



"ముప్పయ్యేండ్ల సంది బట్ట నేస్తున్న మేడం. ఒక్క తాను మీద నా పేరు లేదు. గీ ఇండ్ల మీద ఉన్నది. వద్దు."

అక్కడితో నోరు మూసుకోవాల్సింది. నేను టీచర్ని కదా, పాఠం చెప్పకుండా ఉండలేను. "చేతిమగ్గాలు పోయి సాంచాలు అచ్చినప్పుడు సుత అందరు గిట్లనే అన్నరన్నా," అన్నాను. అతను పెద్దగా నవ్వాడు. "నేను చేతిమగ్గం ముట్టనే లేదు మేడం. పుట్టిన సంది సాంచాలే. గా ముచ్చట మా తాతకు చెప్పుండ్రి."

నాకు పౌరుషం వచ్చింది. "ఒక్క మీ గల్లీయే ఎక్కించి చూద్దాం. సర్కారు ఫైల్ల ఒక్క తప్పున్నా నేను మళ్ల అడగ," అని పందెం కాసినట్టు అనేశాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ ఫైలును నేనింకా సరిగ్గా చూడనైనా లేదు.

సోమవారం సెలవు పెట్టి కోరుట్లలో బస్సెక్కి, చందుర్తి మీదుగా సిరిసిల్లలో దిగాను. వాళ్లది ముందు ఒక గది, వెనక రేకుల షెడ్డులో నాలుగు సాంచాలు. ముందు గదిలో అతని భార్య ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. "కూసోండ్రి మేడం, చాయ్ పెడ్త," అంటూ లేవబోయింది. చాయ్ తర్వాత వదినా అని, నేను ఆత్రంగా ల్యాప్‌టాప్ తెరిచి వాళ్ల గల్లీ వరుస చూపించాను.

అన్న కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూశాడు. "మేడం, గివి ఇంటి నంబర్లా, పుట్టిన్రోజులా?"

అప్పుడు చూశాను. మొదటి ఇల్లు 05-03-2014. రెండోది 05-03-2015. కొంచెం కిందికి వెళితే 05-03-1962.

"మాది ఐదు, మూడు, అరవై రెండు," అంది వదిన, బీడీ మీంచి తల ఎత్తకుండానే. వార్డు ఐదు, బ్లాకు మూడు, ఇల్లు అరవై రెండు అని.

"గీ ఫైల్ల మీ ఇల్లు అరవై రెండు మార్చిల పుట్టింది వదినా."

"అరవై రెండుల మా అమ్మ పెండ్లి సుత కాలే," అంది. భార్యాభర్తలు పడీపడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. అన్ని నెలలు తిప్పి తిప్పి చివరికి ఇదా ఇచ్చేది? "నడువుండ్రి అన్నా, ఇయ్యాల తేల్చుకునే అస్త," అని ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని, అతన్ని కూడా ఆటో ఎక్కించాను.

మున్సిపల్ ఆఫీసులో కంప్యూటర్ ముందు ఒకమ్మాయి ఉంది. ఆమె దగ్గరా అదే ఫైలు ఉంటుందని తెలుసు. కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టాను. ప్రజల ఇళ్లంటే ఇంత అలుసా, నంబరుకూ తేదీకీ తేడా తెలియదా అని గొంతు చించుకున్నాను. పక్క గదిలోంచి ఇద్దరు తొంగిచూశారు. ఆ అమ్మాయి నా మాటలు పూర్తిగా విని, తన దగ్గరున్న ఫైలు తెరిచి నా వైపు తిప్పింది. 5-3-14. 5-3-15. 5-3-62. ముత్యాల్లా ఉన్నాయి నంబర్లు.

"మీరు దీన్ని లెక్కల షీట్ల తెరిచి సేవ్ కొట్టిన్రా మేడం?"

"కొట్టిన."

"గట్ల తెరిస్తె షీటు ఐదు-మూడు-అరవై రెండును తేదీ అనుకుంటది. గివి తేదీలు కావు అని ముందుగాలనే చెప్పాలె. నంబరు వంద దాటితె ఏం కాదు. వంద లోపల ఇండ్లే ఖరాబైతయి."

తల కొట్టేసినట్టయింది. వంద లోపలి నంబర్లంటే ప్రతి బ్లాకులోనూ అందరికంటే ముందు కట్టుకున్నవాళ్ల ఇళ్లు. నేను సేవ్ కొట్టింది సిరిసిల్ల ఒక్కటే కాదు, మూడు పట్టణాలూ. ఇక్కడికి రాకపోయి ఉంటే, కోరుట్లలో మా ఇల్లు 1999 జూన్‌లో పుట్టి ఉండేది. ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పి, మంచి ఫైలు ఇంకోసారి ఎక్కించుకుని బయటికి వచ్చాను.

మెట్ల మీద ఆగి, "తప్పు నాదే అన్నా. మాటంటె మాట. నేను పోత, మీ ఇండ్లు ముట్ట," అన్నాను. నిజంగానే ఏడుపొచ్చేటట్టుంది. అతను గెలిచినట్టేమీ మాట్లాడలేదు. "ఇంటికాడ అన్నం వండింది మేడం. తిని పోండ్రి," అన్నాడు.

వదినకు జరిగినదంతా నేనే చెప్పాను. ఆమె సావధానంగా విని, "మంచి ఫైలు తెచ్చిన్రు గదా?" అంది.

"తెచ్చిన."

"అయితె చదువుండ్రి. తప్పున్నదో లేదో నేను చెప్త."

అర్థంకాక అన్న వైపు చూశాను. అతను మెడ గోక్కున్నాడు. "నంబర్లన్ని గామెయే మేడం. మొగోణ్ని పోయి ఒక్కొక్కలి దర్వాజ ముంగట నిలవడి సూస్తె ఎవ్వలూకుంటరు? బీడీలు కార్ఖానల ఇయ్య పోయినప్పుడల్ల గామెనే నాలుగిండ్లు అడిగి, యాదుంచుకొని అచ్చేది. నేను ఫోన్ల కొట్టేది."

చదవడం మొదలుపెట్టాను, సాంచాల చప్పుడు మీద అరుస్తూ.

"ఐదు, మూడు, పద్నాలుగు!"

"మూలమీదిది. ముంగట జామచెట్టు."

"పదిహేను!"

"రెండంతస్తులది."

"పదహారు!"

"గా ఇల్లు లేదిప్పుడు. కూలగొట్టి పదిహేనుల కలుపుకున్నరు. రాసుకోండ్రి."

ఆమె చేతిలో బీడీ ఆగలేదు, మాట ఆగలేదు. నేను రాసుకుంటూ రాసుకుంటూ వెర్రిదాన్నైపోయాను. ఇరవై ఏళ్లుగా పిల్లలకు పటాలు చూపిస్తున్నాను, నడిచే పటాన్ని చూడడం అదే మొదటిసారి. ఇంకా గట్టిగా, ఇంకా తొందరగా చదివాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. గల్లీలో సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆ నిశ్శబ్దంలోకి నా గొంతు ఒక్కటే దూసుకెళ్లింది: "ఐదు, మూడు, నలభై ఒకటి!"

"మాదే! మాదే!" అంటూ ఎదురింట్లోంచి ఒకావిడ తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. "ఇండ్ల లిస్టు అచ్చిందా మేడం? మా పేరున్నదా?"

మరో ఐదు నిమిషాల్లో గది నిండిపోయింది. ఇది ఇళ్లు ఇచ్చే జాబితా కాదు, ఊరి పటం మాత్రమేనని చెప్పాను. "గంతేనా!" అన్నారు. అన్నారే గానీ ఒక్కరూ కదల్లేదు. ఎవరి నంబరు వాళ్లకు వినాలని ఉంది. చదివితే చెయ్యెత్తుతున్నారు, మా పిల్లలు హాజరు చెప్పినట్టు. తనది రాకముందే గల్లీ చివరికి వచ్చేశానేమోనని ఒక ముసలాయన నాతో పోట్లాటకు దిగాడు. అంత సంతోషం నాకు ఈ మధ్య ఎప్పుడూ కలగలేదు.

అంతా అయ్యాక లెక్క చూస్తే ప్రభుత్వం ఫైల్లో రెండు తప్పులు, అన్న పటంలో మూడు. పందెం ప్రకారం నేను మళ్లీ ఓడిపోయాను. ఆ మాటే అన్నాను.

"మావి మూడున్నయి గదా మేడం," అన్నాడు. "రెండు కలిపితెనే ఒక్కటి సక్కగైతది. ఎక్కియ్యుండ్రి."

"మీరే ఎక్కియ్యుండ్రి అన్నా," అన్నాను. ఇలాంటి పనికి వేరే ఖాతా తెరవాలని పటం నియమం. దానికి ఏ పేరు పెడితే ఆ పేరే ప్రతి ఇంటి కిందా పడుతుంది. "మీ పేరు పెట్టుకోండ్రి. మీ ఇండ్ల మీద నా పేరెందుకు?" నేను తిరిగి ఇవ్వగలిగింది అదొక్కటే.

అతను చేతులు తువ్వాలకు తుడుచుకుని, ఒక్క వేలితో కొట్టాడు. చూసుకున్నాడు. మొత్తం చెరిపేసి మళ్లీ కొట్టాడు. తొంగిచూశాను. అది అతని పేరు కాదు, వదినది.

"గిదేందన్నా?"

"నంబర్లు ఎవ్వలియో చెప్తిని గదా," అన్నాడు, నా వైపు చూడకుండా.

పరీక్షగా ఒక్క గల్లీ ఎక్కించడానికి మా పటం గ్రూపులో ముందే అనుమతి తీసుకున్నాను. తప్పులు దిద్ది, నా ఫోను నెట్ పెట్టి, ఎక్కించాం. పటం మళ్లీ తెరిచేసరికి ఒక్కో కప్పు మీదా నంబరు మొలిచింది. ఆ గల్లీలో అతని పేరు ఇక ఒక్క ఇంటి కిందా లేదు. అతను అరవై రెండు మీద నొక్కి, "గిటు రా," అని భార్యను పిలిచాడు.

ఆమె చాట పక్కన పెట్టి, వేళ్లకంటిన పొగాకు కొంగుకు తుడుచుకుని వచ్చింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని తన పేరు చదివింది. సంబరపడుతుందేమో, సిగ్గుపడుతుందేమోనని చూశాను. ఆమె ఇంకా తెర వైపే చూస్తోంది.

"పక్కింటిది నొక్కు," అంది.

నొక్కాడు. ఆమె పేరే.

"గా మూలమీదిది."

ఆమె పేరే.

"మరి ఎనక గల్లియి? అవి సుత నేనడిగినయే గదా."

"అవి రేపు," అన్నాడు.

"రేపెందుకు? కరెంటు లేదు, సాంచా లేదు, ఉత్తగనే కూసున్నవు గదా," అంది ఆమె, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ. "నువ్వు కొట్టు, నేను చెప్త."