పసుపు వాసన వేసిన పళ్ళు

హిదాయతుల్లాకి నోరు మంచిదే గానీ ముక్కు మహా చెడ్డది. ఏలూరులో తన కొట్టుకి ఎవరి కట్టుడు పళ్ళు వచ్చినా ముందు వాసన చూస్తాడు. చుట్ట తాగేదెవరో, రాత్రి తియ్యకుండా పడుకునేదెవరో ఆ ముక్కే చెప్పేస్తుంది. డాక్టర్లు నోటి కొలతలు తీసి పంపితే పళ్ళు కట్టడం, విరిగినవి అతకడం ఆయన పని.

రెండువేల ఐదు, దీపావళి మర్నాడు గణపవరం నుంచి సుబ్బాయమ్మ దిగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకునే, చేతిలోని రుమాలు మూట విప్పింది. ముందు పళ్ళ సెట్టు, రెండు ముక్కలు.

"జారి పడిందండీ సాయిబుగారూ. రేపట్నుంచి కార్తీకం. మా వీధి ఆడాళ్ళందరికీ పురాణం నేనే చదవాలి. ఇది లేకుండా నిన్న చదివి చూస్తే శివుడి పేరు కూడా ఈలలా వచ్చిందండీ. మా మనవరాలు వీరదుర్గ ఒకటే నవ్వు!"

హిదాయతుల్లా ముక్కలు అందుకుని వాసన చూశాడు. పసుపు! గులాబీ రంగు అంచులు కూడా పచ్చబడ్డాయి. తాను కట్టిన సెట్టే. ఎవరి నోటి అచ్చూ పారెయ్యడం ఆయనకి అలవాటు లేదు. అటక మీంచి ఆవిడ సుద్ద అచ్చు దింపి, ముక్కల్ని దానిమీద పెట్టాడు. కూర్చోలేదు సరికదా, టకటకా ఊగాయి. జారిపడితే విరుగుతుంది గానీ వంకరపోదే! పసుపునీళ్ళలో మరగబెట్టింది. శుద్ధి చేసిందన్నమాట.

దేనికి శుద్ధి? నా చెయ్యి తగిలినందుకా? అనుకున్నాడు హిదాయతుల్లా. 'మా సాయిబుగారు' అంటూ ఊళ్ళోవాళ్ళని తన దగ్గరికి పంపించే మనిషి! రంజాన్ ఆఖరి రోజులు, ఉపవాసం. కోపం పనికిరాదని తెలుసు. అయినా వచ్చింది.

"సాయంత్రానికి ఇస్తాను. కూర్చోండి," అన్నాడు ముక్తసరిగా.

ఉన్న ముక్కల్ని ఉన్నట్టే అతికితే వంకరా అలాగే ఉండిపోతుంది. అందుకని సన్నటి రంపంతో వంగిన భాగం కోసేసి, పళ్ళనీ, పక్క పళ్ళని పట్టుకునే తీగ కొక్కేల్నీ మాత్రం మిగుల్చుకున్నాడు. వాటిని అచ్చుమీద మైనంతో నిలబెట్టాడు. గులాబీ పొడిలో ఘాటు ద్రవం కలిపి, ముద్ద గట్టిపడక ముందే ఖాళీలో నింపాడు. అచ్చుతో సహా నీళ్ళలో పెడుతూ, "గోరువెచ్చగా ఉండాలి. మరగకూడదు!" అని ఎదురుగా ఉన్న గోడకి చెప్పాడు. సుబ్బాయమ్మ తల దించేసుకుంది.

గట్టిపడ్డాక ఆకురాయి పట్టి, గరుకు కాగితంతో రుద్ది, పాలిషు పెట్టాడు. అరచేతిలో పెట్టుకుని ఆవిడ ముందుకి చాచాడు. ఇక ఆగలేకపోయాడు.

"ఇంటికెళ్ళాక మళ్ళీ పసుపునీళ్ళలో వేస్తారేమో. నా చెయ్యి తగిలింది కదండీ మరి!"

సుబ్బాయమ్మ చెంపలేసుకుంది.

"అయ్యో రామ రామ! మీ చెయ్యేంటండీ? ఏడాది పొడుగునా కొల్లేటి కొరమీను నమిలిన పళ్ళండీ అవి! వాటితో పురాణం ఎలా చదవను? నీచు పోవాలని మరగబెట్టానండీ. చెబితే నవ్వుతారని సిగ్గేసింది."

"మరి మీ సొంత పళ్ళూ తిన్నాయి కదా కొరమీను?"

"అవి నాతోపాటే తలస్నానం చేస్తాయి కదండీ!"

హిదాయతుల్లా నవ్వలేదు. చాచిన చెయ్యి చాచినట్టే ఉంది. ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఆయన ఎంత నొచ్చుకున్నాడో అప్పటికి అర్థమైంది. ఆ అరచేతిలోంచి సెట్టు తీసుకుని తిన్నగా నోట్లో పెట్టేసుకుంది.

"కడగలేదండీ! పాలిషు పొడుందండీ!" అని హిదాయతుల్లా కంగారుగా నీళ్ళ చెంబు అందుకున్నాడు.

ఆవిడ వింటేనా! సంచిలోంచి కార్తీక పురాణం తీసి, కొంగు పక్కకి తోసి, మొదటి పేజీ అందుకుంది. బజారంతటికీ వినబడేలా చదివి పుస్తకం మూసింది.

"ఎలా ఉందండీ? గాలి పోతోందా?"

హిదాయతుల్లా చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు. ఒక్క అక్షరం కూడా చెవికెక్కలేదు.

"మళ్ళీ చదవండమ్మా," అన్నాడు. "ఈసారి వింటానండీ."