ఇరవై అయిందండి

గుండె ఆగితే మనిషి ముగిసినట్టేనని లోకం నమ్మకం. రాజమండ్రిలో మత్తు డాక్టరుగా చేరిన కొత్తలో నాకూ లోలోపల అదే భయం. దాన్ని పోగొట్టినవారు మా ఆసుపత్రిలో గుండె యంత్రం నడిపే సత్యప్రసాద్ గారు. ఆయనకున్నది ఒకే ఒక్క జాడ్యం: ఏ ప్రాణినీ ఇరవై నిమిషాలకు మించి పస్తు ఉండనివ్వరు.

అది వృత్తి అంటించిన జాడ్యం. ఆపరేషన్ కోసం గుండెను ఆపినప్పుడు ఒంటికంతా రక్తాన్ని యంత్రం అందిస్తుంది. గుండె కండరానికి మాత్రం అందదు. అందుకే పొటాషియం కలిపిన చల్లని రక్తాన్ని ఇరవై నిమిషాలకోసారి దానికి విడిగా ఎక్కించాలి. ఆ నియమం థియేటరు గడప దాటి ఊరిమీద పడడమే విడ్డూరం. కొవ్వూరులో ఒక పదవీవిరమణ సభలో ఉపన్యాసం సాగుతుండగా ఆయన వేదికెక్కి, "ఇరవై అయిందండి" అంటూ వక్త చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టారు. వక్త తాగి కూర్చుండిపోయారు. ఆ సాయంత్రం చప్పట్లు మజ్జిగకే పడ్డాయి.

వరికోతలకు వెళ్లే సూరమ్మకు గుండె కవాటం మార్చాల్సి వచ్చింది. ఆమె సంతకం పెట్టనంది.

"గుండె ఆపేత్తారంటగా? ఆపినాక దాన్నెవరు చూత్తారు బాబూ?"

"నేనేనండి," అన్నారు సత్యప్రసాద్ గారు.

"మద్దెలో టీకెళ్తేనో?"

"వెళ్లనండి. ఇరవై నిమిషాలకోసారి అన్నం పెట్టినట్టు పెడతాను. ఒక్కసారి కూడా ఆలస్యం చెయ్యను."

"మాటేనా?"

"ఆయ్!"

అప్పుడు గాని ఆమె కలం అందుకోలేదు.

మర్నాడు తెరిచిన ఛాతీలో ఆ గుండె పాలిపోయి, చల్లగా, కదలకుండా ఉంది. రెండు విడతలు సమయానికే వెళ్లాయి. మూడోదాని వేళకు సర్జన్ భీమరాజు గారు కొత్త కవాటానికి కుట్లు వేస్తున్నారు.

"ఇరవై అయిందండి."

"ఉండవయ్యా, ముడి మధ్యలో ఉన్నాను."

"డాక్టర్ గారూ, అయిందండి!"

"ఆగే ఉన్న గుండెకి అంత తొందరేంటయ్యా?"

"గుండె ఆగిందండి. ఆకలి ఆగలేదు."

ఎవరూ నవ్వలేదు. భీమరాజు గారు ముడి బిగించి చేతులు వెనక్కి తీసుకున్నారు. చల్లని రక్తం వెళ్లింది, ఒక నిమిషం ఆలస్యంగా.

కవాటం అమర్చాక గుండెలోకి వెచ్చని రక్తాన్ని వదిలారు. మొదట సన్నని వణుకు. తర్వాత ఒక బిగింపు. ఆపైన, ఎవరూ ఆజ్ఞాపించకుండానే, లయ. వందలసార్లు చూసిన దృశ్యమే. అయినా అందరం చేతిలో పని ఆపి దానికేసే చూశాం.

మర్నాడు గొంతులోని గొట్టం తీయగానే సూరమ్మ సత్యప్రసాద్ గారికోసం చూసింది.

"టయానికి పెట్టావా బాబూ?"

గుండెకు ఏ హానీ జరగలేదు. అవునని తలూపేయమని నేను సైగ చేశాను.

"మూడోసారి ఒక్క నిమిషం లేటైందండి. మాట తప్పాను."

పక్కనే ఉన్న భీమరాజు గారు నేలచూపులు చూశారు.

"నిమిసమేగా! మా కోడలు రోజూ గంట లేటు," అంది సూరమ్మ, కుట్లు లాగకుండా నవ్వడానికి అవస్థపడుతూ.

ఆలస్యం జరిగిందని సత్యప్రసాద్ గారు దాచలేదు. అది ఎవరివల్ల జరిగిందో ఆ రోజూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు.