పొద్దు గుంకే పక్క

ఆ సాయంత్రం నేను అన్నది రెండే మాటలు. "వాడు చెప్పిందే." అంతటితో మా రెండు కయాక్ పడవల ముక్కులూ సూర్యుడి వైపు తిరిగాయి.

గాలివాన అప్పుడే దాటిపోయింది. ఎటు చూసినా బూడిదరంగు నీళ్ళు, పైన అదే రంగు ఆకాశం. గంట కిందట మేం బయలుదేరిన దీవి కనబడటం లేదు. చుట్టి వద్దామనుకున్న రాతిగుట్టా లేదు. ఒక మూల మాత్రం మబ్బు చిరిగి, ఆ చిరుగులోంచి ఎర్రటి పొద్దు కిందికి జారుతోంది. నా వెనక కూర్చున్న సరంగు తెడ్డెత్తి దాన్ని చూపించి, ఒడ్డు అటే అన్నాడు. పక్క కయాక్‌లో ఒంటరిగా ఉన్న రొయ్యల డాక్టరు, కాదు, దానికి సరిగ్గా ఎదురుదిక్కు అన్నాడు. తర్వాత ఇద్దరూ నా వైపు చూశారు.

ముగ్గురం నెల్లూరుకు దక్షిణాన కోట అనే ఊరి హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం. సరంగు అంటే పడవ నడిపే పెద్ద. మా వాడి ఊరు కోటకు తూర్పున, సముద్రం ఒడ్డు పల్లె. తండ్రి తర్వాత ఆ పని అతనికి వచ్చింది. అతని ఫైబర్ పడవలో ఇంకో ఐదుగురు వేటకు పోతారు. ఆ పల్లెలో ఇప్పుడు జీపీఎస్ లేని పడవ లేదు. ఇతని పడవలోనూ ఉంది కానీ, కొన్ననాటి ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. మంచు పట్టినా, వాన కమ్మినా ఆ ఐదుగురు చూసేది ఇతని మొహం. అతనికి ఊళ్ళో ఉన్న మర్యాదంతా ఆ చూపులోనే ఉంది.

రొయ్యల డాక్టరు నిజానికి డాక్టరు కాదు. ముత్తుకూరు పక్క హేచరీల్లో రొయ్యపిల్లల్ని పెంచే పని నేర్చుకుని, అదే పని మీద థాయ్‌లాండ్ దక్షిణ తీరానికి వెళ్ళి స్థిరపడ్డాడు. నేను నెల్లూరులో ఒక దినపత్రిక డెస్కులో పనిచేసి రిటైరయ్యాను. ఈ ఇద్దరికీ నేను విలేకరిని.

రమ్మని డాక్టరు ఎన్నాళ్ళ నుంచో పిలుస్తున్నాడు. వేసవిలో వేట నిషేధం పెడతారు. ఆ రెండు నెలలూ పడవలు ఒడ్డెక్కి ఉంటాయి, సరంగుకు వలలు బాగుచేసుకోవడం తప్ప పని ఉండదు. నాకు అప్పటికి ఏ నిషేధమూ లేకుండానే పని లేదు. వీపుకు చెరొక సంచి తగిలించుకుని చెన్నైలో విమానం ఎక్కాం. నాది కొత్త ట్రావెల్ బ్యాగు. సరంగుది మనవరాలి స్కూలు బ్యాగు, జిప్పు మీద సీతాకోకచిలుక బొమ్మతో. అందులో బట్టలకంటే ఎండు నెత్తళ్ళ చేపలే ఎక్కువ ఉన్నాయి.

మొదట మలేసియాలోని పెనాంగ్ దీవిలో దిగాం. బిట్రగుంట రైల్వే కాలనీలో మా మేనత్త వాళ్ళ పక్కింట్లో పెరిగిన స్నేహితురాలు అక్కడ టీచరుగా ఉంది. తలుపు తీసి సరంగు బ్యాగు చూడగానే, "ఏం సరంగూ, బళ్ళోకి పోతాండావా? హోంవర్కు చేసినావా?" అంది. అతను తడుముకోకుండా నెత్తళ్ళ పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆ వాసనకు ఆమె పక్క ఫ్లాటు వాళ్ళు వచ్చి అదేం వాసనని అడిగిపోయారు. ఆమె ఇంట్లో నాలుగు రోజులుండి, వ్యానులోనూ ఫెర్రీలోనూ సరిహద్దు దాటి, థాయ్‌లాండ్ పడమటి వైపున్న ఒక చిన్న దీవికి చేరాం. డాక్టరు సెలవు పెట్టుకుని అక్కడికే వచ్చాడు.

ఆ దీవిలో సాయంత్రమైతే అందరూ ఇసుకలోకి వచ్చి కూర్చుంటారు. పొద్దు సముద్రంలో మునిగేదాకా ఫొటోలు తీసుకుంటారు. మొదటిరోజు సరంగు అది చూసి చాలాసేపు నవ్వాడు. మన కాడ పొద్దు నీళ్ళల్లోంచి లేసి ఊళ్ళోకి పోయి పడుకుంటాది, ఈడ ఊళ్ళో లేసి నీళ్ళల్లో పడుకుంటాది, అంతా తలకిందులు అన్నాడు. ఆ మాట నచ్చి, ఆ రాత్రే నా నోటుబుక్కులో రాసుకున్నాను. రోజూ నాలుగు ముక్కలు రాసుకోవడం ఉద్యోగం నేర్పిన అలవాటు, ఇంకా పోలేదు.

నాలుగో రోజు సాయంత్రం నాలుగింటికి కయాక్‌లు అద్దెకు తీసుకున్నాం. ఇద్దరు కూర్చునేదాంట్లో నేనూ సరంగూ, ఒక్కరు కూర్చునేదాంట్లో డాక్టరు. ఫోన్లకు నీళ్ళు దూరని సంచి ఇస్తానని అంగడివాడు సైగలు చేశాడు. సముద్రంలోకి ఫోనెందుకు, ఎవరికి చెప్పాలి అన్నాడు సరంగు. మూడు ఫోన్లూ అంగడిలోనే వదిలాం. లైఫ్ జాకెట్ కూడా వద్దన్నాడు కానీ, వేసుకోకపోతే అంగడివాడు కయాక్ ఇవ్వనన్నాడు.

రాతిగుట్ట దగ్గరికి చేరేలోపే నైరుతి నుంచి వాన వచ్చింది. అరగంటసేపు తలలు వంచుకుని, ఒకరి కయాక్ అంచు ఒకరం పట్టుకుని ఉన్నాం. వాన వెలిసేసరికి ఏ దిక్కు ఏదో ఎవరికీ తెలియలేదు. అప్పుడే ఆ మూల మబ్బు చిరిగి పొద్దు కనిపించింది.

మా తీరంలో పెరిగినవాడికి ఆ క్షణంలో తోచేది ఒక్కటే. ముత్తుకూరు నుంచి పులికాట్ దాకా ఎక్కడ దారి తప్పినా, గుంకుతున్న పొద్దు వైపుకు పోతే నేల తగులుతుంది. ముందు కరెంటు ప్లాంటు పొగగొట్టాలో, సరుగుడు తోటలో, ఏదో ఒకటి కనిపిస్తుంది. సరంగుకు పదేళ్ళ వయసులో తండ్రి నేర్పిన సంగతి అది. నలభై ఏళ్ళకు పైగా ఒక్కసారీ తప్పు కాలేదు. డాక్టరు కాదన్నప్పుడు సరంగుకు కోపం రాలేదు. నవ్వొచ్చింది.

"నువ్వు తొట్టెల్లో రొయ్యపిల్లల్ని చూసుకునేవోడివి. సముద్రం సంగతి నాకు చెప్తాండావా?"

"తొట్టెకైనా ఒక గోడ ఉంటాదిరా," అన్నాడు డాక్టరు. "ఆ పక్కన గోడ లేదు."

అప్పుడే ఇద్దరూ నా వైపు చూశారు.

ఇక్కడ నిజం రాయాలి. నా నోటుబుక్కులో సరంగు మాట రాసుకున్న ఆ పేజీ నాకు ఆ క్షణంలోనే గుర్తొచ్చింది. నీలం ఇంకు, పేజీ అంచున నేను గీసుకున్న గీతతో సహా. అయినా నోట్లోంచి వచ్చింది, "వాడు చెప్పిందే" అని. డెస్కులో కూర్చున్నన్నాళ్ళూ నేను పాటించిన పద్ధతి ఒకటుంది. సంఘటన జరిగిన చోట ఉన్న విలేకరి ఒకటి చెప్తే, కుర్చీలో కూర్చుని దాన్ని నేను దిద్దను. సముద్రం మీద సరంగు మాటను నేను దిద్దడమేమిటి అనిపించింది. ఆ లెక్కన అక్కడి మనిషి రొయ్యల డాక్టరే. అది నాకు తట్టలేదు.

డాక్టరు ఒక్కడే వెనక్కి పోవచ్చు, పోలేదు. మమ్మల్ని వదిలి పోవడం ఇష్టంలేక, తప్పని తెలిసిన దిక్కుకే మా వెనక తెడ్డు వేశాడు.

అరగంటో, ఇంకాస్త ఎక్కువో పోయాం. అలలు ఎదురొస్తున్నాయి. కయాక్ ముక్కు పైకి లేచి దబ్బున పడుతోంది, నీళ్ళు నా ఒళ్ళోకి వస్తున్నాయి. ఒడ్డుకు పోయే పడవను అల వెనక నుంచి తోయాలి. అది నాకే తెలుసు, సరంగుకు తెలియదా? గాలి మళ్ళుకున్నట్టుంది అని వెనక నుంచి ఒకసారి గొణిగాడు. కాసేపటికి మళ్ళీ అదే మాట అన్నాడు. రెండోసారి గొంతులో నమ్మకం తగ్గింది. తిరిగి చూస్తే డాక్టరు బాగా వెనకబడ్డాడు. ఒక అల మధ్యలోకి వస్తే కనిపించకుండా పోతున్నాడు.

అప్పుడు చెప్పాను. మొదటిరోజు సాయంత్రం నువ్వు ఏమన్నావో గుర్తుందా, ఈడ పొద్దు నీళ్ళల్లో పడుకుంటాది అన్నావు, అని.

వెనక తెడ్డు ఆగింది. నేను తల తిప్పలేదు. తర్వాత అతను ఎంత మెల్లగా అన్నాడంటే, నాతో అన్నాడో తనతో అనుకున్నాడో తెలియలేదు. "అల చెప్తానే ఉండాది. నేనే ఇనలా."

కయాక్ తిప్పాడు. డాక్టరు కూడా మమ్మల్ని చూసి తిప్పబోయాడు. అలకు అడ్డంగా వచ్చిన ఆ ఒక్క క్షణంలో బోల్తాపడ్డాడు. లైఫ్ జాకెట్ వల్ల పైకి తేలాడు కానీ, కయాక్ అంచు పట్టుకోబోతుంటే అల దాన్ని ఎగరేసి, అతని కుడి భుజం కీలు తప్పింది. ఆ అరుపు నేను మరచిపోయేది కాదు. సరంగు ఎప్పుడు దూకాడో నేను చూడలేదు. కయాక్‌ను తిరగేసి, డాక్టరును దాని మీద బోర్లా పడుకోబెట్టి, తల్లి బిడ్డను తిట్టినట్టు తిడుతూ, తన తువ్వాలుతో రెండు కయాక్‌లనూ ముడేశాడు. ఎక్కి కూర్చుని, ఇక తెడ్డు నేను చెప్పినప్పుడే వెయ్యి, తిరిగి నా మొహం చూడొద్దు, అల చూడు అన్నాడు.

అక్కడి నుంచి అంతా అతని పనే. ఏ అల మమ్మల్ని తోస్తుందో, ఏది పక్కకు పడేస్తుందో ముందే చెప్పాడు. మూడిట్లో ఒకదాన్ని వదిలేయమన్నాడు. వెనక పొద్దు మునిగింది. ముందు కాసేపు ఏమీ కనిపించలేదు. డాక్టరు పడుకునే, నీ తువ్వాలు ఉతికి ఎన్నాళ్ళయిందిరా, ఈ నెత్తళ్ళ కంపుకు చచ్చేటట్టున్నా అన్నాడు. ఇంకొంత దూరం పోయాక కొబ్బరిచెట్ల నల్లటి వరుస, దాని కింద దీపాలు కనిపించాయి. అంగడివాడు టార్చి పట్టుకుని మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు.

దీవిలోని ఆసుపత్రిలో భుజం సరిచేశారు. డాక్టరు మా ఇద్దరిలో ఎవరినీ ఏమీ అనలేదు. డాక్టరు ఉండే ఊళ్ళో మరో మూడు రోజులుండాల్సింది, ఉండకుండా వచ్చేశాం. ఎయిర్‌పోర్టులో సరంగు ఆ స్కూలు బ్యాగును ఒళ్ళో పెట్టుకుని సీతాకోకచిలుక జిప్పును లాగుతూ, మూస్తూ కూర్చున్నాడు.

వేట నిషేధం ఎత్తేసిన రోజు పల్లెలో పడవలకు పసుపు కుంకుమ పెట్టి నీళ్ళలోకి దించారు. సరంగు పడవ కూడా దిగింది. అతని చోట అల్లుడు నిలబడ్డాడు. జీపీఎస్ మీది ప్లాస్టిక్ కవరు తీసేశారు. సరంగు ఒడ్డునే ఉండి చెయ్యూపాడు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారట. రెండో వారం కూడా ఎక్కకపోయేసరికి, వాళ్ళావిడ నాకు ఫోన్ చేసి, అన్నా, మీరొచ్చి ఒక మాట చెప్పండి అంది.

వెళ్ళాను. తాటాకు పందిరి కింద వల అల్లుతున్నాడు. ఆ దీవిలో ఏం జరిగిందో పల్లెలో ఎవరికీ తెలియదు. తప్పు ఎవరికైనా జరుగుతుంది, నువ్వే కదా మమ్మల్ని తిరిగి తెచ్చింది అన్నాను. వింటూ వలలో ఇంకో రెండు కన్నులు అల్లాడు.

"తప్పుకు గాదురా," అన్నాడు. "పడవలో ఐదుగురుంటారు. ఇట్ట పోనీండంటే ఇట్ట పోనిస్తారు. ఒక్కడు నోరు తెరవడు. ఆ దినం డాక్టరు తెరిచినాడు. ఈళ్ళల్లో అట్టాంటోడు యాడుండాడు?"

అతను పని ఆపకుండా అడిగాడు.

"నీకు ఆ పొద్దు మాట ఎప్పుడు గుర్తొచ్చింది?"

"మధ్యలో," అన్నాను. "అలలు ఎదురొస్తున్నప్పుడు."

తల ఊపాడు. నమ్మాడో లేదో తెలియదు. వాళ్ళావిడ టీ తెచ్చింది. రొయ్యల డాక్టరు భుజం గురించి మాట్లాడుకున్నాం. చెయ్యి ఇప్పటికీ తలదాకా లేవడం లేదట.

ఆ తర్వాత ఆ జవాబు దిద్దడానికని రెండుసార్లు ఆ పల్లెకు వెళ్ళాను. మొదటిసారి పందిరి కింద ఇంకెవరో ఉన్నారు. రెండోసారి, అంటే పోయిన వారం, అతను ఒక్కడే ఉన్నాడు. నోటుబుక్కు నా సంచిలో ఉంది. బయటికి తీయలేదు. మధ్యాహ్నం దాటాక వాళ్ళ పడవ తిరిగొచ్చింది. చేప దించడానికి అతను నీళ్ళలోకి వెళ్ళాడు. మోకాళ్ళ లోతు దాకానే వెళ్ళాడు. పడవ ఎక్కలేదు.